లేని వంతెన జవాబు

మూడూ పచ్చగానే ఉన్నాయి. చూసేది పచ్చగా ఉంది, తేల్చేది పచ్చగా ఉంది, అరిచేది పచ్చగా ఉంది, మరి ఊళ్లో ఎందుకు అరవలేదని ఎగువ ఆనకట్ట మనిషి ఫోనులో అడుగుతుంటే, నేను తెర మీద ఆ మూడు చుక్కల్నే చూస్తూ, మోగే ఉంటుందండీ, మా కిటికీలు మూసి ఉన్నాయి, వాన హోరులో నాకు వినపడలేదేమో అన్నాను. అన్నానే గానీ ఆ మాట నాకే చప్పగా తగిలింది, ఎందుకంటే ఆ సైరన్ మోగితే కిటికీలు మూసుకుంటే మాత్రం ఆగుతుందా, బల్ల మీద టీ గ్లాసు కూడా వణుకుతుంది. "తల్లీ, గేట్లు ఎత్తి చాలాసేపయింది. మీ దిగువ వీధిలో మా బంధువొకాయన ఉన్నాడు, ఇప్పుడే మాట్లాడాను, కూతా లేదు గీతా లేదంటున్నాడు. గంట తిరక్కుండా నీళ్లు అక్కడుంటాయి, ఓసారి చూడు," అన్నాడు ఆయన, గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చూస్తానండీ అని పెట్టేశాను. దిగువ వీధిలో ఆయనకి బంధువుంటే నాకు చెల్లెలుంది.

ఏటి నీరు పొంగితే ఊరిని లేపే ఆఫీసు మాది, పేరుకి ఆఫీసే గానీ ఇవాళ ఇందులో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, మిగతావాళ్లంతా పొద్దున్నే ఇసక బస్తాలతో గట్టు మీదికి పోయారు, నువ్వు కదలకమ్మా, సర్వర్ దగ్గర ఒకరుండాలి అన్నారు, ఉన్నాను. మిట్టమధ్యాహ్నం లైట్లు వేసుకోవలసినంత చీకటి. అద్దం తలుపు అవతల సర్వర్ అలవాటుగా గుయ్‌మంటోంది, దాని లోపల ఎవరికీ కనపడకుండా రేయింబవళ్లు నడిచే సర్వీసులు మూడు. మొదటిది రేవు దగ్గరి సెన్సర్‌ని అడిగి ఏట్లో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తుంది. రెండోది ఆ ఎత్తు ప్రమాదమో కాదో తేలుస్తుంది. మూడోది రెండోది చెప్పగానే ఊళ్లో సైరన్లన్నిటినీ ఒక్కసారి అరిపిస్తుంది. వీటికి అసలు పేర్లు వేరే ఉన్నాయి, పలకడానికి నోరు తిరగని పేర్లు, బావగారు వాటిని చూసేది, తేల్చేది, అరిచేది అని పిలిచేవాడు, ఆయన పోయినా ఆ పేర్లు పోలేదు. ఆయన మాకెవరికీ బావ కాదు, వయసులో అందరికంటే పెద్ద, చిన్నవాళ్లను మరదలా అనీ బామ్మర్దీ అనీ ఆటపట్టించేవాడు కాబట్టి ఆఫీసు మొత్తానికీ బావగారు. నన్ను మాత్రం అమ్మా అనేవాడు, ఎందుకో అడగలేదు. ఈ సర్వర్‌ని మొలకప్పటి నుంచీ పెంచింది ఆయనే, ఇప్పుడు ఆయన్ని అడుగుదామంటే ఆయన గుండె ఆయన్ని అడక్కుండానే ఆగిపోయి ఏడాది దాటింది.

చెల్లెలికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. నా ఫోన్ అది ఎత్తి ఎంత కాలమైందని, అయినా వేలు ఊరుకోదు. మరిదికి ఈ వారం పగటి డ్యూటీ, ఏటి అవతల ఫ్యాక్టరీలో, లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. అంటే ఇంట్లో అదొక్కతే, కిటికీ పక్కన మిషను ముందు కూచుని ఎవరిదో బడి యూనిఫారం కుడుతూ ఉంటుంది, వాన పడితే కరెంటు పోతుందని ముందే కటింగ్ చేసి పెట్టుకునే రకం, అంత ముందుచూపు. పెద్దసారుకి చేశాను. ఆయన ఎక్కడో సమావేశంలో ఉన్నాడు, వెనక కప్పుల చప్పుడు. అన్నీ పచ్చగా ఉన్నాయంటున్నావుగా, మరింకేంటమ్మా అన్నాడు. పచ్చగానే ఉన్నాయి సార్, మోగలేదు అన్నాను. "అయితే నువ్వే మోగించెయ్." "దేంతో సార్? బటన్ పీకించేశారు కదా." మైకు వ్యాన్ పంపిస్తాను, నువ్వు దాని సంగతి చూడు అన్నాడు, వ్యాన్ దిగువ వీధిలోకి తిరగదని ఆయనకీ తెలుసు, ఆ మలుపులో రెండు సైకిళ్లు ఎదురైతేనే ఒకటి వెనక్కి పోవాలి. ఇక ఈ సర్వర్ తప్ప దిక్కు లేదు.

బటన్ ఎందుకు పీకించారో తలుచుకోకూడదనుకుంటే ముందు అదే వస్తుంది. ఆ రోజు వాన లేదు. ఎండ. నేను సెలవులో ఉన్నాను, పక్క ఊళ్లో స్నేహితురాలి ఇంట్లో భోజనానికి కూచున్నాను. ఇక్కడేమో ఏట్లో ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన నీలం డ్రమ్మొకటి రేవు దగ్గరి సెన్సర్‌కి అడ్డంపడి ఆగింది, సెన్సర్ డ్రమ్మును చూసి నీళ్లనుకుంది, చూసేది తేల్చేదానికి చెప్పింది, తేల్చేది అరిచేదానికి చెప్పింది, చెప్పిన పని చెప్పినట్టు అన్నీ చేశాయి, ఊరంతా అరిచింది. జనం మేడలెక్కారు. నాన్న అప్పుడు చెల్లెలింట్లో ఉన్నాడు, చెల్లెలు పైకెక్కింది, నాన్నా ఎక్కాడు, ఎక్కినవాడు మిషను కింద ఉండిపోయిందని మళ్లీ దిగాడు. ఆ మిషను ఆయనదే, ముప్పై ఏళ్లు దాని మీదే మా ఇద్దరినీ పెంచాడు, చెయ్యి సాగనప్పుడు చెల్లెలికిచ్చి, దానికి మిషను నీకు చదువు, ఇద్దరికీ సరిపోయిందా అని నవ్వేవాడు. బల్లనుంచి మిషను తలకాయ ఊడదీసి చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకి ఎత్తుకుని మెట్లెక్కాడట, మలుపు దగ్గర కాలు తడబడింది. డ్రమ్ము ఆ సాయంత్రానికి దానంతటదే కదిలి కొట్టుకుపోయింది. నాన్న వారం మాటాపలుకూ లేకుండా పడుకుని పోయాడు. ఏట్లో నీళ్లు మోకాలు కూడా తడవనంతే ఉన్నాయి.

ఎవరో పొరపాటున బటన్ నొక్కారని కొన్నాళ్లు, సర్వర్‌కి పిచ్చెక్కిందని కొన్నాళ్లు అనుకున్నారు, విచారణ చేసినవాళ్లకి ఏదో ఒకటి చెయ్యకపోతే మొహం చెల్లదు కాబట్టి, ఎందుకైనా మంచిదని బటన్ తీయించేశారు. నెలనెలా మోగించే పరీక్ష కూత కూడా ఆపించారు, దిగువ వీధివాళ్లు వచ్చి ఆ చప్పుడు మాకు వద్దు బాబోయ్ అని దండం పెడితే ఎవరు కాదంటారు. వాళ్లలో చెల్లెలు లేదు. చెల్లెలు అంతకుముందే నాకు చెప్పేసింది, నాన్న దినాల్లోనే, చుట్టాల మధ్య, గొంతు పెంచకుండా. "నీ కూత వినే కదక్కా పరిగెత్తాడు. ఇంకోసారి అది అరిచి గీపెట్టినా నేను గడప దాటను." నా కూతా అది? నేనెక్కడున్నాను ఆ రోజు? అని నేను అనలేదు. అనవలసింది. కోపంతో కాదు, అంటే తిరిగి ఏదో అనేది, ఏదో అంటే ఏడ్చేవాళ్లం, ఏడిస్తే తెమిలేది. నాకు నోరు రాలేదు, దానికి మనసు రాలేదు, అది ఫోన్ చేస్తుందని నేనూ నేను చేస్తానని అదీ కొన్నాళ్లు, తర్వాత నేను చేసినా అది ఎత్తక ఇన్నాళ్లు.

సరే, చూసేదాని లాగ్ తెరిచాను. అది చేసిన ప్రతి పనినీ వరసగా రాసుకుంటూ పోతుంది, కాబట్టి అబద్ధమాడలేదు. ఏట్లో నీటిమట్టం పొద్దున్నుంచీ పెరుగుతూనే ఉంది, గేట్లెత్తాక ఒక్క ఉదుటున లేచింది, ఎర్రగీత దాటింది, దాటి ఇంకా లేస్తోంది. అంటే చూసేది చూస్తోంది. ప్రాణం కాస్త కుదుటపడి మరుక్షణమే ఇంకా కిందికి జారింది, ఎందుకంటే అది చూస్తోందంటే నీళ్లు వస్తున్నాయన్నమాట. ఒక్కొక్క కొత్త అంకె వచ్చినప్పుడల్లా నాకు చెల్లెలి వాకిలి కనపడుతోంది, వాకిట్లో ఎత్తు తక్కువ గచ్చు, గచ్చు మీద ఎప్పుడూ ఒక జత చెప్పులు, గడపకి అటు అడుగు దూరంలో మిషను. నాన్న ఆ చోటు ఎంచి పెట్టాడు, వెలుతురు బాగుంటుందని. చీకట్లో కుడితే కళ్లు పోతాయే అని. కళ్లదేముంది నాన్నా.

అరిచేదాన్ని తట్టాను. చప్పుడు చేయకుండా సైరన్లన్నిటినీ ఉన్నారా అని అడిగే పద్ధతొకటి ఉంది, అడిగితే వీధి వీధి నుంచీ ఉన్నాం, ఉన్నాం అని జవాబులు వచ్చాయి, దిగువ వీధి చివర స్తంభం మీదిది కూడా ఉన్నానంది. చెల్లెలి కిటికీలోంచి కనపడుతుంది ఆ స్తంభం. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, నోళ్లు తెరుచుకుని కూచున్నాయి, అరవమని చెప్పేదాని కోసం. వాటికి నేను చెప్తే వినవు, తేల్చేది చెప్తేనే వింటాయి, అలాగే కట్టారు దీన్ని, ఎవడు పడితే వాడు ఊరిని పరిగెత్తించకుండా. మంచిదే. మంచికే చేశారు. ఈ ఆఫీసులో చేసినవన్నీ మంచికే చేశారు, అదే కదా ఏడుపు.

చిన్నప్పుడు ఒకసారి మిషను తిరుగుతోంది, సూది పైకీ కిందికీ చకచకా ఆడుతోంది, బట్ట ముందుకు పోతోంది, కుట్టు మాత్రం పడటంలేదు. నేనూ చెల్లెలూ పైదారం తీసి మళ్లీ ఎక్కించాం, సూది మార్చాం, నూనె వేశాం, చెల్లెలు చక్రాన్ని రెండు తన్నులు కూడా తన్నింది. నాన్న వచ్చి ఏమీ అనకుండా కిందినున్న చిన్న రేకుమూత జరిపి కింది దారం చుట్టుండే బాబిన్, ఖాళీది, తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. పైన అంతా ఆడుతుంటే కింద చూడాలే అన్నాడు, ఇద్దరూ పైనే కొట్టుకుచస్తున్నారు. ఆ తర్వాత నా ఉద్యోగమంతా అదే, పైకి తిరుగుతూ లోపల కుట్టుపడని వాటి కింద మూత జరిపి చూడటమే, ఆయన చెప్పిన ఆ ఒక్క ముక్కతో నెట్టుకొచ్చేస్తున్నాను, చదువు నాకేమిచ్చిందో గానీ. చెల్లెలు విన్నదీ అదే ముక్క. మళ్లీ ఫోన్ చేశాను. మోగింది, మోగింది.

తేల్చేది. పచ్చచుక్క పక్కన నడుస్తోంది అని రాసి ఉంది. లాగ్ తెరిస్తే పైనుంచి కిందిదాకా ఒకే మాట, నిర్ధారణ కోసం చూస్తున్నాను, నిర్ధారణ కోసం చూస్తున్నాను, తెర జరిపేకొద్దీ అదే, వాన ధారలాగా. దేని నిర్ధారణ? ఎవరి నిర్ధారణ? ఎర్రగీత దాటగానే అరిచేదానికి చెప్పు, అంతే కదా దీని పని, మధ్యలో ఇంకెవరిని అడుగుతోంది? కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచాను, అంటే ఎలా నడుచుకోవాలో దానికి రాసిచ్చిన కాగితం లాంటిది, ఒక్కొక్క గీతా వేలు పెట్టి చదివాను, ఎర్రగీత ఎత్తు సరిగ్గా ఉంది, సెన్సర్ పేరు సరిగ్గా ఉంది, సైరన్ల దారి సరిగ్గా ఉంది, నిర్ధారణ అన్న మాటే అందులో లేదు. మళ్లీ చదివాను. లేదు. లేని మాట దీని నోటికి ఎలా వచ్చింది? ఇంత పచ్చగా ఎలా ఉంది ఇది, నిమ్మకు నీరెత్తినట్టు, నీళ్లొచ్చి వాకిట్లో నిలబడితే కూడా ఇలాగే ఉంటుందా? ఉంటుంది. ఎదురుచూడటం తప్పేమీ కాదు కదా, కూలబడితే ఎర్రచుక్క, దారి తప్పితే ఎర్రచుక్క, ఎదురుచూస్తే పచ్చచుక్కే. ఎన్నాళ్లు చూసినా పచ్చచుక్కే. కిటికీ అవతల వాన ఎటునుంచి పడుతోందో తెలియడంలేదు.

పైన అంతా ఆడుతుంటే కింద చూడాలి. బావగారికొక అలవాటుండేది, అసలు ఫైలును ఎన్నడూ ముట్టుకునేవాడు కాదు, తల్లిలాంటిదమ్మా, దాని మీద గీతలు గీయకూడదు అనేవాడు, ఏదైనా మార్చాలంటే పక్కన ఇంకో చిన్న ఫోల్డరు తెరిచి అందులో చిన్న ఫైలొకటి పెట్టేవాడు, సర్వీసు లేచేటప్పుడు తల్లిని చదివి, ఆ తర్వాత పిల్లని చదివి, పిల్ల మాటే చివరి మాటగా తీసుకుంటుంది. మిగతావాళ్లం అలా చెయ్యం, ఎందుకంటే పిల్ల ఎక్కడుందో ఆయనకి తప్ప ఇంకెవరికీ గుర్తుండదు. వెతికాను. ఉంది. రెండే గీతలు. రేవు సెన్సర్ ఒక్కటి చెబితే నమ్మకు, పాత వంతెన కింద ఉన్న సెన్సర్ కూడా అదే మాట చెప్పాలి, రెండూ కలిస్తేనే అరవమను. ఆ ఫైలు పెట్టిన తేదీ చూసి కుర్చీలో వెనక్కి పడ్డాను. నాన్న పోయి పదిరోజులు తిరగనప్పటిది. నేను ఇంట్లో గోడకానుకుని కూచున్న రోజుల్లోది.

తిరిగి ఆఫీసుకొచ్చిన మొదటిరోజు ఆయన నా బల్ల మీద టీ పెట్టి నిలబడ్డాడు. ఆటపట్టించలేదు, నవ్వలేదు. "ఇక ఏ డ్రమ్ముకీ ఎవరి నాన్నా పరిగెత్తక్కర్లేదమ్మా. ఆ సంగతి నేను చూశాను," అన్నాడు. ఏం చూశారని నేను అడగలేదు, అడిగే స్థితిలో లేను, ఓదార్పు మాటనుకున్నాను, ఓదార్పు మాటలు అప్పుడు చాలా వచ్చాయి. ఇదన్నమాట ఆయన చూసింది. తప్పు కూడా కాదు, రెండు సెన్సర్లకీ ఒకేసారి రెండు డ్రమ్ములు అడ్డంపడవు, నాకే ఆ పని అప్పజెప్పి ఉంటే నేనూ అదే చేసేదాన్ని. ఒక్కటే వదిలేశాడు, రెండోది జవాబివ్వకపోతే ఎంతసేపు ఆగాలో రాయలేదు. రాయకపోతే ఈ సర్వీసు ఎంతసేపైనా ఆగుతుంది. ఎందుకు రాయలేదో కూడా నాకు తెలుసు, ఆయన గొంతు వినపడుతోంది, వంతెన ఎక్కడికి పోతుందమ్మా అంటున్నట్టు. వంతెన పోయింది బావగారూ. మీరు పోయిన కొన్నాళ్లకే అదీ పోయింది, కొత్తది కట్టి పాతదాన్ని పడగొట్టారు, రాళ్లు లారీల్లో వెళ్లాయి, ఆ రాళ్లతోపాటు మీ సెన్సర్ కూడా ఎక్కడికో వెళ్లింది, పడగొట్టినవాళ్లకి అదేమిటో తెలియదు, మాకు ఎవరూ చెప్పలేదు, ఏట్లో రెండేళ్లుగా నీళ్లే లేవు కాబట్టి ఎవరికీ ఏ లోటూ కనపడలేదు. ఇది మాత్రం ఇక్కడ కూచుని లేని వంతెనని అడుగుతూనే ఉంది.

నాకు ఆయన మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది, ఏడవడానికి ఇది వేళ కాదు. నా మీద జాలితో ఒక మనిషి రెండు గీతలు రాశాడు, ఆ జాలి ఇప్పుడు ఊరు నోరు మూసి కూచుంది. తీసేయడానికి ఎంతసేపు, పిల్ల ఫైలు తీసి పక్కన పెట్టి సర్వీసుని రీస్టార్ట్ చేస్తే అది తల్లి మాట వింటుంది, రేవు సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముతుంది, ఎర్రగీత ఎప్పుడో దాటింది కాబట్టి లేస్తూనే అరిపిస్తుంది. ఫైలు తీసేశాను. రీస్టార్ట్ అని కొట్టాను. ఇక ఎంటర్ నొక్కడమే, నొక్కలేకపోయాను. రేవు దగ్గర ఇప్పుడు డ్రమ్ము లేదని ఎవరు చెప్పారు? పొద్దున్నుంచీ పెరిగిన అంకెలన్నీ నిజమే అనుకో, ఆనకట్ట మనిషి మాటా నిజమే అనుకో, నీళ్లు దిగువ వీధి దాకా రాకుండా పొలాల మీదికి తిరిగితే? ఇలాంటి వానలో, ఈ జారుడులో, మెట్ల మీద ఎంతమంది, ఎంతమంది ముసలివాళ్లు, ఏమేం ఎత్తుకుని ఎక్కుతారు? ఇంకెవరి ఇంట్లోనో ఇంకొక మలుపు. ఇంకొక కూతురు ఇంకొక అక్కతో అంటుంది, నీ కూత వినే కదా అని. ఈసారి నేను పక్క ఊళ్లో భోజనం దగ్గర లేను, ఇక్కడే ఉన్నాను, ఈ వేలు నాదే. తెర మీద కొత్త అంకె వచ్చింది. ఇందాకటికంటే ఎక్కువ. డ్రమ్ము అడ్డంపడితే అంకె ఒక్కచోటే నిలబడుతుంది, ఇంత నిదానంగా, ఇంత ఓపిగ్గా మెట్టు మెట్టుగా ఎక్కదు. నీళ్లే ఇలా ఎక్కుతాయి. నాన్నా, నీళ్లే.

నొక్కాను.

చుక్క ఒక్క క్షణం బూడిదరంగుకి తిరిగి మళ్లీ పచ్చబడింది, ఏమీ జరగలేదనుకున్నాను, ఇంకెక్కడో ఇంకొక పిల్ల ఫైలుందేమో, ఇంకెవరి జాలి ఉందో అనుకుంటూ ఉండగానే కిటికీ అద్దం గజగజలాడింది. సన్నగా మొదలై, గొంతు సవరించుకుని, లేచి, ఊరంతా ఒకటే అరుపైపోయింది. బల్ల మీద టీ గ్లాసు వణుకుతోంది. ఆ చప్పుడు నేను ముందెప్పుడూ భయపడుతూ వినలేదు, పరీక్ష కూతలకి చెవులు మూసుకుని నవ్వుకునేవాళ్లం, ఇవాళ కడుపులోంచి వినపడుతోంది. నాన్నకి ఇలాగే వినపడి ఉంటుంది. చేతిలో ఫోన్ ఎప్పుడు తీసుకున్నానో తెలియదు, మోగుతోంది, మోగుతోంది, ఎత్తవే, తిట్టడానికైనా ఎత్తు, ఇక జన్మలో చెయ్యను, ఈ ఒక్కసారి. గడప దాటనంది. అది మొండిది, అన్నదంటే అన్నదే, చిన్నప్పుడు నాతో పోట్లాడి వానలో వాకిట్లో నిలబడి లోపలికి రానంటే రానంది, నాన్న వెళ్లి ఎత్తుకొచ్చాడు. ఇప్పుడెవరు ఎత్తుకొస్తారు.

ఫోన్ మోత ఆగింది. ఎత్తింది. సైరన్ నాకు రెండోసారి వినపడింది, కిటికీలోంచి ఒకటి, ఫోన్‌లోంచి ఇంకొకటి, కాస్త ఆలస్యంగా, స్తంభం పక్కనే కాబట్టి ఇంకా గట్టిగా. ఆ అరుపు కింద టకటకా టకటకా మిషను నడుస్తోంది. ఊరు అరుస్తుంటే కుడుతోంది, నా మీద కోపంతో కుడుతోంది.

"ఆపవే," అన్నాను. నడుస్తోంది. "ఆపి పైకెళ్లు. నీళ్లొస్తున్నాయి."

"ఇదీ ఆ రోజు లాంటిదేనా?" అంది. ఎన్నాళ్లకి విన్న గొంతు, ఎంత ముసలిదైపోయింది.

"కాదు. నేను చూశాను. నేనే మోగించాను."

మిషను నెమ్మదించింది, రెండు కుట్లు పడి, ఆగింది. సైరన్ మధ్యలో దాని ఊపిరి వినపడింది. "మిషను..." అంది.

"వదిలెయ్."

"నాన్నది."

"నాన్నదే. వదిలెయ్ అమ్మలూ."

అమ్మలూ అని నేను దాన్ని పిలిచి ఎన్నేళ్లయింది, నాన్న పిలిచేవాడు, నేను వెక్కిరించడానికి మాత్రమే అలా పిలిచేదాన్ని. కుర్చీ జరిగిన చప్పుడు. గడియ తీసిన చప్పుడు, తలుపు తెరవగానే సైరన్ మీదపడినట్టు వచ్చింది, దానితో పాటు ఇంకో చప్పుడు కూడా, కాలు నీళ్లలో పెట్టినప్పుడు వచ్చే చప్పుడు. అప్పుడే వాకిట్లోకి వచ్చేశాయి. ఇంకెంతమంది ఉన్నారో ఆ వీధిలో, ఆనకట్ట మనిషి బంధువు ఎక్కాడో లేదో, తెర మీద అంకె పెరుగుతూనే ఉంది, మూడు చుక్కలూ పచ్చగా ఉన్నాయి. చెల్లెలు ఎక్కుతోంది. తడికాళ్ల చప్పుడు మెట్టు మెట్టుకీ వినపడుతోంది, మలుపు దగ్గర ఆగింది. ఎందుకాగావని నేను అడగలేదు, ఇద్దరికీ తెలుసు. కిందికి చూస్తోందేమో, దిగుతుందేమో, నాన్న కూతురే కదా.

"ఒట్టి చేతులతోనే ఎక్కుతున్నానక్కా," అంది.